బడికి పెట్టిన పేరు, పిల్లలు తెచ్చిన పేరు

అమెరికాలో ఏ పబ్లిక్ హైస్కూల్‌కి వెళ్ళినా గుమ్మం దగ్గరే రెండు రాతలు కనిపిస్తాయి. ఒకటి, బడికి పెట్టిన పేరు. చాలాసార్లు అది ఒక మనిషి పేరు. రెండోది, బడి ఆశయం, విలువలు: గౌరవం, బాధ్యత, నిజాయితీ, పట్టుదల, ప్రతి విద్యార్థీ తన శక్తి మేరకు ఎదగడం. ఈ రెండో రాత ఏ బడిలో చూసినా ఒక్కలాగే ఉంటుంది. ఎవరో ఒక్కరు రాసిపెడితే దేశమంతా నకలు తీసుకున్నట్టు. మూడో రాత కూడా ఒకటుంది గానీ అది గుమ్మం దగ్గర వేలాడదీయరు. అది ఖర్చుల పద్దు. ఎవరి పిల్లలకి ఎంత, ఎవరి బడికి పైకప్పు, ఎవరి బడికి ల్యాబు అన్నది అందులోనే ఉంటుంది.

ఉత్తర వర్జీనియాలో ఇల్లు కొనుక్కునే మా తెలుగువాళ్ళం ఈ మూడూ చదవం. చదివేది నాలుగోది: పదికి ఎంత రేటింగు అని. ఎనిమిది దాటితే ఆఫర్ పెట్టేస్తాం. ఆ బడి పేరు ఎవరిదో, ఆయన ఏం చేశాడో, ఆ పేరు ఏ ఏడాది ఎందుకు పెట్టారో అడిగేవాళ్ళు అరుదు. వలస వచ్చినవాళ్ళం కదా, ఇక్కడి పాత గొడవలు మనవి కావు అనుకోవడం తేలిక. కానీ మన పిల్లల టీషర్టుల మీద, సర్టిఫికెట్ల మీద ఉండేది ఆ పేరే.

పేరునీ, ఆశయాన్నీ, పద్దునీ పక్కపక్కన పెట్టి చదివితే ఎలా ఉంటుందో చూడటానికి ఒకే ఒక్క బడిని తీసుకుంటాను. వర్జీనియా దక్షిణ భాగంలో, వాషింగ్టన్ నుంచి కారులో సుమారు మూడు గంటల దూరంలో, ఫార్మ్‌విల్ అనే చిన్న ఊరు ఉంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. అక్కడి నల్లజాతి పిల్లల హైస్కూల్ పేరు రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూల్. ఇప్పుడది మ్యూజియం.

ముందు ఆ పేరు సంగతి.

రాబర్ట్ రస్సా మోటన్ 1867లో పుట్టాడు. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం పోయి అప్పటికి రెండేళ్ళు. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలోనే ఒక తోట ఎస్టేటులో పెరిగాడు. తండ్రి అక్కడి పనివాళ్ళకి మేస్త్రీ, తల్లి దొరల ఇంట్లో వంటమనిషి. హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని, అక్కడే పాతికేళ్ళ పాటు విద్యార్థుల క్రమశిక్షణ చూసే కమాండెంట్‌గా పనిచేశాడు. అందుకే అందరూ ఆయన్ని మేజర్ మోటన్ అనేవాళ్ళు. 1915లో బుకర్ టి. వాషింగ్టన్ చనిపోతే, అలబామాలోని టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌కి ఆయన వారసుడిగా వెళ్ళి, 1935 దాకా నడిపాడు. గురువుగారి దారే ఈయన దారి కూడా. చేతిపని నేర్చుకో, ఒళ్ళు వంచి పనిచెయ్యి, ఆస్తి సంపాదించుకో, తెల్లవాళ్ళతో తగవు పెట్టుకోకు, గౌరవం దానంతటదే వస్తుంది. ఒక్క ముక్కలో మన భాషలో చెప్పాలంటే, నిదానమే ప్రధానం.

అలాంటి మనిషి పేరు నల్లపిల్లల బడికి పెట్టడానికి తెల్లవాళ్ళ స్కూల్ బోర్డుకి అభ్యంతరం ఎందుకుంటుంది? స్థానికుడు, పెద్దమనిషి, దేశాధ్యక్షులకి తెలిసినవాడు. నల్లజాతివాళ్ళకీ ఆయన గర్వకారణమే. ఇరుపక్షాలకీ నచ్చిన పేరు. అయితే ఆ పేరులో పిల్లలకి ఒక సూచన కూడా ఉంది: మీరూ ఇలా ఉండండి అని.

మోటన్‌ని అంత తేలిగ్గా ఒక్క ముక్కలో కుదించడం న్యాయం కాదు. 1922 మే 30న వాషింగ్టన్‌లో లింకన్ స్మారక భవనాన్ని ప్రారంభించారు. నల్లజాతి తరఫున మాట్లాడటానికి మోటన్‌ని పిలిచారు. ఉపన్యాసం ముందుగా రాసి పంపమన్నారు. పంపాడు. అందులో ఘాటైన భాగాలు ఉన్నాయి. లింకన్ మొదలుపెట్టిన పని పూర్తికాకుండా ఈ పాలరాయికి అర్థం ఏమిటన్న ధోరణి ఉంది. నిర్వాహకులు వాటిని తీసేయమన్నారు. ఆయన తీసేశాడు. మెత్తబడిన ఉపన్యాసాన్ని చదివాడు. వినడానికి వచ్చిన నల్లజాతివాళ్ళని, బానిసల్ని విడిపించిన మనిషి స్మారకం ముందే, వేరుగా కూర్చోబెట్టారు.

ఆ మరుసటి ఏడాది ఇంకో ఘటన. టస్కీగీలో నల్లజాతి మాజీ సైనికుల కోసం ప్రభుత్వం ఆసుపత్రి కట్టింది. డాక్టర్లు మాత్రం తెల్లవాళ్ళే ఉండాలన్నారు స్థానిక తెల్లవాళ్ళు. ఈసారి మోటన్ తగ్గలేదు. క్లూ క్లక్స్ క్లాన్ ఊళ్ళో ఊరేగింపు తీసి బెదిరించినా తగ్గలేదు. చివరికి ఆసుపత్రి నల్లజాతి వైద్యుల చేతికి వచ్చింది. మళ్ళీ 1932లో, ప్రభుత్వ ఆరోగ్యశాఖ నల్లజాతి కౌలురైతుల మీద సిఫిలిస్ అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, టస్కీగీ సంస్థ సహకరించింది. అప్పుడూ అధిపతి మోటనే. రోగులకి అసలు జబ్బు ఏమిటో చెప్పకుండా, చికిత్స చేయకుండా నలభై ఏళ్ళు సాగిన ఘోరం అది.

అంటే బడికి ఒక మనిషి పేరు పెట్టామంటే ఆయన జీవితంలో ఏ ముక్క పేరు పెట్టినట్టు? రాసిన ఉపన్యాసానిదా, చదివిన ఉపన్యాసానిదా? బోర్డులు ఈ ప్రశ్న వేసుకోవు. ఆ బడిలో కూర్చునే పిల్లలకి మాత్రం ఏదో ఒకరోజు తప్పదు.

ఇప్పుడు పద్దు చూద్దాం. ఫార్మ్‌విల్‌లో మోటన్ హైస్కూల్ భవనాన్ని 1939లో, 180 మంది విద్యార్థుల కోసం కట్టారు. ఒక ఆడిటోరియం, దాని చుట్టూ తరగతి గదులు. జిమ్ము లేదు, భోజనశాల లేదు, సైన్స్ ల్యాబు లేదు. అదే ఊళ్ళో తెల్లపిల్లల హైస్కూల్‌కి ఇవన్నీ ఉన్నాయి. 1950 నాటికి మోటన్ బడిలో పిల్లల సంఖ్య 450 దాటింది. ఆడిటోరియంలో ఒకేసారి రెండు మూడు తరగతులు నడిచేవి. బస్సులోనూ పాఠాలు చెప్పారు. కొత్త బడి కట్టండని తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా బోర్డు చూద్దాం, చేద్దాం అంది. చివరికి 1948లో ఏం చేసిందంటే, బడి ఆవరణలో చెక్క షెడ్లు వేసి, వాటికి తారు కాగితం చుట్టింది. వానొస్తే కారేవి. చలికాలంలో ఒక్కో గదికి ఒక్కో పొయ్యి. పొయ్యి పక్కన కూర్చున్నవాళ్ళకి ఉక్క, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి వణుకు. రోడ్డు మీద పోయేవాళ్ళు వాటిని కోళ్ళఫారం షెడ్లు అనుకునేవాళ్ళట.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటాం. ఇక్కడ పేరు టస్కీగీ మహనీయుడిది, గదులు తారు కాగితానివి. అప్పటి చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. వేరు వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలునని 1896లోనే సుప్రీంకోర్టు అంది. ఆ మాటలో వేరు అన్నది ఖచ్చితంగా అమలైంది. సమానం అన్నది కాగితం మీదే ఉంది. ఆశయ ప్రకటనలు గుమ్మాలకి ఎక్కని రోజుల్లోనే వర్జీనియా బడులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఆశయ ప్రకటన అదీ.

1951 ఏప్రిల్ 23 ఉదయం మోటన్ హైస్కూల్ ప్రిన్సిపల్ బాయ్డ్ జోన్స్‌కి ఒక ఫోన్ వచ్చింది. మీ పిల్లలు కొందరు బస్టాండు దగ్గర గొడవలో చిక్కుకున్నారని. ఆయన బయల్దేరాడు. ఆయన అటు వెళ్ళగానే ప్రతి తరగతికీ ఒక చీటీ వెళ్ళింది. అందరూ ఆడిటోరియంకి రావాలి, కింద ‘జె’ అన్న సంతకం. జోన్స్‌కీ అదే అక్షరం, ఆ చీటీలు రాసిన అమ్మాయికీ అదే అక్షరం. తెర లేచేసరికి వేదిక మీద ప్రిన్సిపల్ లేడు. పదహారేళ్ళ బార్బరా జాన్స్ ఉంది. తోటి విద్యార్థులు కొందరు ఆమె వెనక కూర్చుని ఉన్నారు. టీచర్లని బయటికి వెళ్ళమంది. కొత్త బడి కట్టేదాకా మనం తరగతులకి వెళ్ళొద్దు అంది. నాలుగువందల యాభై మంది పిల్లలు లేచి బయటికి నడిచారు.

దీని వెనక నెలల తరబడి ఆలోచన ఉంది. బడి గురించి బార్బరా తన సంగీతం టీచరు దగ్గర బాధపడితే, మరి నువ్వే ఏదైనా చెయ్యొచ్చు కదా అన్న అర్థం వచ్చేట్టు ఆ టీచరు ఒక మాట అందట. మొదట ఆ మాటకి చిన్నబుచ్చుకుంది. ఒకరోజు తన బస్సు తప్పిపోయి రోడ్డు పక్కన నిలబడి ఉంటే, తెల్లపిల్లల బడి బస్సు సగం ఖాళీగా ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది. అప్పుడే నిర్ణయించుకున్నానని తర్వాత రాసుకుంది. పెద్దవాళ్ళకి తెలియనివ్వలేదు. తెలిస్తే ఆపుతారు, ఆపకపోతే వాళ్ళ ఉద్యోగాలు పోతాయి. ప్రిన్సిపల్‌ని బడినుంచి బయటికి పంపింది కూడా అందుకే. అంత జాగ్రత్తపడినా జోన్స్ ఉద్యోగం పోయింది.

అడగందే అమ్మయినా పెట్టదని మన సామెత. మోటన్ పేరుమీద ఉన్న బడి నేర్పాల్సిన పాఠం మాత్రం అడగొద్దనే: ఓపిక పట్టు, పెద్దవాళ్ళు చూసుకుంటారు. పిల్లలు ఆ పాఠాన్ని తిప్పికొట్టారని చెప్పడం తేలిక. నాకు అది పూర్తిగా నిజమనిపించదు. క్రమశిక్షణ, ముందుచూపు, చీటీల దగ్గర్నుంచి ప్లకార్డుల దాకా వివరం పోకుండా చూసుకోవడం, ఒక్క దెబ్బలాట కూడా లేకుండా రెండు వారాలు సమ్మె నడపడం, ఇవన్నీ హాంప్టన్, టస్కీగీ పద్ధతులే. మేజర్ మోటన్ మెచ్చుకోవాల్సిన గుణాలే. చదివి వినిపించిన ఉపన్యాసం బోర్డుకి పనికొచ్చింది, కొట్టేయించిన ఉపన్యాసం పిల్లలకి అందింది అనిపిస్తుంది. ఆ విషయం వాళ్ళకి తెలియనక్కర్లేదు. బడి విలువలు చాలాసార్లు అలాగే చేరతాయి, రాసినవాళ్ళు అనుకోని దారిలో.

పిల్లలు రిచ్‌మండ్‌లోని నల్లజాతి హక్కుల సంఘం లాయర్లకి ఉత్తరం రాశారు. ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అనే ఇద్దరు వచ్చారు. బడికి వెళ్ళిపొమ్మని నచ్చజెప్పాలన్నది వాళ్ళ ఉద్దేశం. పిల్లల్ని చూశాక మనసు మార్చుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. కొత్త భవనం కోసం మేం దావా వెయ్యం, వేస్తే తెల్లపిల్లలూ మీరూ ఒకే బడిలో చదివే హక్కు కోసమే వేస్తాం అన్నారు. చిన్న కోరికతో మొదలుపెట్టినవాళ్ళకి పెద్ద కోరిక ఎదురైంది. బాప్టిస్టు చర్చి పాస్టర్ ఫ్రాన్సిస్ గ్రిఫిన్ చర్చి తలుపులు తెరిచాడు. ఊరి పెద్దలు కూర్చుని వాదించుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు. 1951 మే 23న 117 మంది విద్యార్థుల తరఫున దావా పడింది. జాబితాలో మొదటి పేరు తొమ్మిదో తరగతి అమ్మాయి డొరొతీ డేవిస్‌ది. కాబట్టి అది డేవిస్ కేసు అయింది.

1952లో ముగ్గురు ఫెడరల్ జడ్జిలు, వేరు బడుల వల్ల ఎవరికీ హాని జరగలేదని తేల్చారు. భవనాలు మాత్రం సమానం చెయ్యమన్నారు. కౌంటీ ఎన్నడూ లేనంత వేగంగా కదిలింది. అన్నేళ్ళు లేదన్న డబ్బు దొరికింది. 1953కల్లా కొత్త మోటన్ హైస్కూల్ లేచింది, జిమ్ముతో, ల్యాబులతో. దాని ఉద్దేశం పిల్లలకి చదువు చెప్పడం ఒక్కటే కాదు, కేసుని నీరుగార్చడం కూడా. డేవిస్ కేసు మాత్రం ఆగలేదు. కాన్సాస్, సౌత్ కరొలైనా, డెలవేర్, వాషింగ్టన్ కేసులతో కలిసి సుప్రీంకోర్టుకి చేరింది. 1954 మే 17న వచ్చిన తీర్పుని లోకం బ్రౌన్ కేసు పేరుతో గుర్తుపెట్టుకుంది. ఆ అయిదు కేసుల్లో విద్యార్థుల సమ్మెతో మొదలైంది ఇదొక్కటే. అక్కడ కూడా పేరు ఇంకొకరికే వెళ్ళింది.

కథ ఇక్కడితో ఆగితే పాఠ్యపుస్తకానికి సరిపోయేది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో అసలు కథ ఆ తర్వాతే ఉంది.

సెనేటర్ హ్యారీ బర్డ్ నాయకత్వంలో వర్జీనియా ఈ తీర్పుని అడ్డుకోవడానికి పూనుకుంది. కలిపిన బడిని మూసెయ్యాలని చట్టం చేసింది. 1958లో నార్ఫోక్‌లో, షార్లట్స్‌విల్‌లో, ఫ్రంట్ రాయల్‌లో బడులు నిజంగానే మూతపడ్డాయి. 1959 జనవరిలో కోర్టులు ఆ చట్టాన్ని కొట్టేశాయి. మిగతా ఊళ్ళు గొణుక్కుంటూ తలుపులు తీశాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ మాత్రం ఇంకో తోవ పట్టింది. 1959 వేసవిలో కౌంటీ పాలక మండలి బడులకి డబ్బు కేటాయించలేదు. అంతే. ఎవర్నీ గుమ్మంలో అడ్డుకోలేదు, ఎవర్నీ కొట్టలేదు. పద్దులో బడుల ఖర్చు ఎదురుగా ఏమీ రాయలేదు. కౌంటీలో ప్రభుత్వ బడి అన్నదే లేకుండా పోయింది. అయిదేళ్ళు.

తెల్లపిల్లల కోసం ప్రిన్స్ ఎడ్వర్డ్ అకాడమీ అనే ప్రైవేటు బడి లేచింది. మొదట చర్చి గదుల్లో, తర్వాత సొంత భవనంలో. కోర్టు ఆపేదాకా దానికి రాష్ట్రం ఇచ్చే ఫీజు సాయం, కౌంటీ పన్ను రాయితీ అందాయి. సుమారు 1,700 మంది నల్లపిల్లలకి ఏమీ లేదు. ఫీజు కట్టుకోలేని కొందరు పేద తెల్లపిల్లలకీ అంతే. స్తోమతున్నవాళ్ళు పిల్లల్ని పక్క కౌంటీల్లో, వేరే రాష్ట్రాల్లో చుట్టాల ఇళ్ళకి పంపారు. కొంతమందిని క్వేకర్ల సంస్థ ఉత్తరాది కుటుంబాల్లో పెట్టి చదివించింది. పెద్ద తరగతులవాళ్ళు కొందరు నార్త్ కరొలైనాలోని కిట్రెల్ కాలేజీకి వెళ్ళారు. చర్చి నేలమాళిగల్లో అక్షరాలు మరిచిపోకుండా చూసే కేంద్రాలు నడిచాయి. చాలామంది పొగాకు చేలల్లో పనికి వెళ్ళారు, మళ్ళీ బడి ముఖం చూడలేదు. ఆరేళ్ళవాడు పదకొండేళ్ళు వచ్చేదాకా పలక పట్టలేదంటే ఆ లోటు తర్వాత ఏ తీర్పూ తీర్చలేదు.

1963 సెప్టెంబరులో కెన్నెడీ ప్రభుత్వం చొరవతో, విరాళాల డబ్బుతో ఉచిత బడులు ఒక ఏడాది నడిచాయి. 1964 మే 25న సుప్రీంకోర్టు, పాస్టర్ గ్రిఫిన్ కుటుంబం పేరుతో ఉన్న కేసులో, మిగతా రాష్ట్రమంతా బడులు నడుస్తుండగా ఒక్క కౌంటీ వాటిని మూసుకోవడం చెల్లదంది. అవసరమైతే పన్నులు వేసి మరీ బడులు నడపమని కింది కోర్టు ఆదేశించవచ్చు అని కూడా చెప్పింది. ఆ శరత్కాలంలో ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి. వచ్చినవాళ్ళు దాదాపు అందరూ నల్లపిల్లలే. 1951లో అడిగిన ఉమ్మడి బడి 1964లోనూ కాగితం మీదే ఉంది.

ఇది దూరపు పల్లె కథ అని ఉత్తర వర్జీనియావాళ్ళం అనుకోవడానికి వీల్లేదు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో నల్లపిల్లలకి సొంత కౌంటీలో హైస్కూల్ అంటూ దొరికింది 1954లో, లూథర్ జాక్సన్ హైస్కూల్‌తో. అంతకుముందు మనాసస్‌కో వాషింగ్టన్‌కో పోవాల్సిందే. ఇదే కౌంటీలో రాబర్ట్ ఇ. లీ హైస్కూల్ 1958లో, జె.ఇ.బి. స్టూవర్ట్ హైస్కూల్ 1959లో తెరిచారు. ఇద్దరూ బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సైన్యాధిపతులు. యుద్ధం అయిపోయి అప్పటికి తొంభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళ తర్వాత హఠాత్తుగా వాళ్ళెందుకు గుర్తొచ్చారు? తేదీలు చూస్తే జవాబు దొరుకుతుంది. ఫార్మ్‌విల్‌లో బడులు మూసేసిన ఏడాదే ఇక్కడ స్టూవర్ట్ బడి తెరుచుకుంది. అక్కడ పద్దుతో చెప్పిన మాటని ఇక్కడ పేరుతో చెప్పారు. 1962లో మరో బడి. దానికి వేరు బడులని సమర్థించిన సూపరింటెండెంట్ డబ్ల్యు.టి. వుడ్‌సన్ పేరు పెట్టారు.

ఆ పేర్లు ఇప్పుడు లేవు. స్టూవర్ట్ బడి పూర్వవిద్యార్థి, హాలీవుడ్ నటి జూలియన్ మూర్ లాంటివాళ్ళు పేరు మార్చమని అడిగారు. రెండేళ్ళు వాదనలు నడిచాయి. 2018 నుంచి అది జస్టిస్ హైస్కూల్. తమ వాదనలో పేరు మార్చాలన్నవాళ్ళు బార్బరా జాన్స్‌ని కూడా తలుచుకున్నారు. 2020లో లీ బడి, అప్పుడే కన్నుమూసిన జాన్ లూయిస్ పేరు తెచ్చుకుంది. వుడ్‌సన్ బడి మార్పు ఇంకా తమాషా. 2024లో డబ్ల్యు.టి. తీసేసి కార్టర్ జి. అని పెట్టారు. ఇంటిపేరు అలాగే ఉంది. కార్టర్ వుడ్‌సన్ మాజీ బానిసల కొడుకు, ప్రిన్స్ ఎడ్వర్డ్‌కి పక్కనే ఉన్న బకింగ్‌హామ్ కౌంటీలో పుట్టాడు. బొగ్గు గనుల్లో పనిచేసి, ఇరవై ఏళ్ళ వయసులో హైస్కూల్లో చేరి, 1912లో హార్వర్డ్‌లో చరిత్రలో డాక్టరేట్ తీసుకున్నాడు. నల్లజాతి చరిత్రకి ఏడాదిలో ఒక వారం కేటాయించాలని 1926లో మొదలుపెట్టిందీ ఆయనే. తర్వాత ఆ వారం నెల అయింది.

పేరు మారిస్తే ఏమొస్తుంది, ఆ డబ్బు పెట్టి టీచర్లకి జీతం పెంచొచ్చు కదా అన్నది ప్రతి మీటింగులోనూ వినిపించే మాట. కొట్టిపారేయాల్సిన మాట కాదు. నా వృత్తిలో పేర్లు మార్చడం రోజువారీ పని. ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ పేరు మార్చినంత మాత్రాన అది చేసే పని మారదు, నిజమే. కానీ తప్పుడు పేరు ఉంచేస్తే, తర్వాత వచ్చినవాడు ఆ పేరుని నమ్మి దానిమీద ఇంకో తప్పు కడతాడు. పేరు మార్చడం వల్ల లోపం పోదు. లోపం ఎక్కడుందో కనబడుతుంది. ఆ తర్వాత లోపల చెయ్యి పెట్టకపోతే మాత్రం ఆ శ్రమంతా దండగే.

ఫార్మ్‌విల్‌లో తెల్లపిల్లల అకాడమీకి కూడా పేరు మారింది. 1980ల దాకా అది నల్లపిల్లల్ని చేర్చుకోలేదు. డబ్బులేక మూతపడే స్థితికి వచ్చినప్పుడు, 1990లలో, ఆ కౌంటీలోనే పుట్టిన వ్యాపారవేత్త జె.బి. ఫ్యూక్వా కోటి డాలర్లు ఇచ్చాడు. బడికి ఆయన పేరు వచ్చింది. డ్యూక్ యూనివర్సిటీలో మనవాళ్ళు ఎంబీఏ చేసే ఫ్యూక్వా స్కూల్ కూడా ఈయన పేరే. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఫార్మ్‌విల్ పక్క పల్లెనుంచి డ్యూక్ లైబ్రరీకి ఉత్తరం రాసి, పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని చదువుకున్నాడు. ఆ కృతజ్ఞతతోనే డ్యూక్‌కి అంత ఇచ్చాడు. ఒక తెల్ల పేదపిల్లవాడికి దూరపు లైబ్రరీ పుస్తకాలు పంపింది. అదే కౌంటీలో ఒక తరం తర్వాత నల్లపిల్లలకి సొంత ఊరి బడి తలుపే లేదు. ఈ రెండూ ఒకే నేల మీద జరిగాయి.

బార్బరా జాన్స్ సంగతి ఏమైంది? బెదిరింపులు వస్తున్నాయని తల్లిదండ్రులు ఆమెని అలబామాలోని మాంట్‌గోమరీకి, మేనమామ కాదు, తండ్రికి సోదరుడయ్యే పాస్టర్ వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపారు. ఆయన తర్వాత అదే చర్చికి వచ్చిన కుర్ర పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్. 1955లో ఫార్మ్‌విల్ దగ్గర ఉన్న వాళ్ళ ఇల్లు కాలిపోయింది. ఆమె చదువు పూర్తిచేసి, ఫిలడెల్ఫియాలో లైబ్రేరియన్‌గా పనిచేసి, అయిదుగురు పిల్లల్ని పెంచి, 1991లో చనిపోయింది. ఇప్పుడు ఫార్మ్‌విల్ లైబ్రరీకి ఆమె పేరుంది. రిచ్‌మండ్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు ఉన్న భవనానికి 2017లో ఆమె పేరు పెట్టారు. డేవిస్ కేసులో ఆమె తోటివాళ్ళకి వ్యతిరేకంగా, వేరు బడుల తరఫున వాదించింది ఆ ఆఫీసే. వాషింగ్టన్‌లో కాపిటల్ భవనంలో వర్జీనియా తరఫున నిలబడ్డ రాబర్ట్ లీ విగ్రహాన్ని 2020 డిసెంబరులో తీసేశారు. ఆ స్థానానికి రాష్ట్రం ఎంచుకున్నది బార్బరానే.

మరి మోటన్ పేరు? సమ్మె జరిగిన పాత భవనం చాలాకాలం ఎలిమెంటరీ స్కూల్‌గా నడిచి, 1995లో మూతపడి, 2001లో మ్యూజియం అయింది. అది గ్రిఫిన్ బులెవార్డ్ అనే వీధిలో ఉంది, ఆ పాస్టర్ పేరే. లోపల ఆడిటోరియం అలాగే ఉంచారు. మోటన్ పేరు అక్కడ భద్రంగా ఉంది. ఆయన అనుకున్న కారణానికి కాదు, స్కూల్ బోర్డు అనుకున్న కారణానికి అసలే కాదు. మోటన్ అనగానే ఇవాళ వర్జీనియా చరిత్ర చదివినవాళ్ళకి టస్కీగీ కంటే ముందు ఆ పిల్లల నడక గుర్తొస్తుంది. పెద్దమనిషి పేరు బడికి వెలుగునివ్వాలని పెట్టారు. చివరికి బడే ఆ పేరుకి వెలుగునిచ్చింది.

ఇక 1953లో హడావుడిగా కట్టిన కొత్త మోటన్ హైస్కూల్, ఇప్పుడది ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ హైస్కూల్. మహనీయుల పేర్లేమీ లేవు, ఉన్నది కౌంటీ పేరొక్కటే. అయిదేళ్ళు దానికి తాళం వేసిన కౌంటీ పేరు. మొదట ఇది నాకు అన్యాయంగా తోచింది. ఆలోచిస్తే, ఇంతకంటే బరువైన పేరు ఏ బడికీ లేదనిపిస్తోంది. మనిషి పేరైతే ఆయన పోయాక పొగిడి ఊరుకోవచ్చు. ఈ పేరుగల కౌంటీ మాత్రం ఇంకా ఉంది, ప్రతి ఏడూ బడ్జెట్ మీటింగు పెడుతుంది, ఆ బడికి ఎంత ఇవ్వాలో ఓటు వేస్తుంది. ఆ ఓటే దాని ఆశయ ప్రకటన. రేటింగు చూసి ఇళ్ళు కొనుక్కున్న మనమూ మన కౌంటీలో అలాంటి మీటింగులకి వెళ్ళొచ్చు. తలుపులు తెరిచే ఉంటాయి.